బండి విడదీయకుండా ఆయిల్ కారడం ఆపుకున్నాం

దమ్ము పనులు అయ్యాక ట్రాక్టరుని పాకలో పెట్టాం. మూడో రోజు పొద్దున చూస్తే ఇంజిన్ కింద చాటంత నల్ల మరక. నాన్న దాని కింద ఓ రేకు డబ్బా పెట్టి ఊరుకున్నారు. మాది 22 ఏళ్ల నాటి 35 హెచ్‌పీ ట్రాక్టరు, కాస్త కారడం మామూలే. కానీ ఈసారి డబ్బా రెండు రోజులకే సగం నిండింది.

మెకానిక్ వచ్చి కిందకి దూరి చూశాడు. "వెనక క్రాంక్ సీల్ పోయింది. బండిని రెండుగా విడదీయాలి బాబూ, 12 వేలు పెట్టుకోండి" అన్నాడు. క్రాంక్ సీల్ అంటే ఇంజిన్ ఇరుసు చివర ఆయిల్ బయటికి రాకుండా ఆపే రింగు. నాట్లు అప్పుడే అయ్యాయి, చేతిలో డబ్బుల్లేవు. పైగా అసలు ఎక్కడ కారుతోందో తేలకుండా విడదీయడం నాకు నచ్చలేదు.

చుక్క పడే చోటు ఒకటి, కారే చోటు ఇంకొకటి. పైన ఊరిన ఆయిల్ ఫ్యాన్ గాలికి వెనక్కి పాకి, ఎక్కడో అడుగున బొట్టు కడుతుంది. అందుకే ముందు ఇంజిన్ మొత్తం డీజిల్, బ్రష్షుతో కడిగి ఆరబెట్టాను. అతుకుల మీద పాపాయి పౌడర్ చల్లాను. పౌడర్ డబ్బా సగం ఖాళీ అయినందుకు ఇంట్లో పడ్డ చీవాట్లు వేరే సంగతి. 20 నిమిషాలు ఇంజిన్ నడిపి ఆపి, టార్చి వేసి చూశాను. టాపెట్ కవర్ (ఇంజిన్ పైన ఉండే రేకు మూత) వెనక మూల నుంచి తడి గీత, అడుగున ఆయిల్ దించే డ్రెయిన్ బోల్టు చుట్టూ చెమ్మ. ఇంజిన్ వెనక క్లచ్ ఉండే పెట్టె, అదే క్లచ్ హౌసింగ్, దాని అతుకు దగ్గర కూడా తడి ఉంది. వెనక సీల్ కారితే ఆయిల్ చేరేది అక్కడికే, అంటే మెకానిక్ మాట ఉత్తదేం కాదు.

అయితే ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత వదులు చేస్తే బుస్సుమని పొగ తన్నింది. రింగులు అరిగిన ఇంజిన్లో గ్యాస్ కొంత కిందకి దిగుతుంది, అది బ్రీదర్ పైపులోంచి బయటికి పోవాలి. దారి లేకపోతే దొరికిన సీల్ దగ్గరల్లా ఆయిల్‌ని తోస్తుంది. బ్రీదర్ పైపు ఊడదీసి తీగ దూర్చాను. దమ్ములో చిందిన బురద రాయిలా గట్టిపడి ఉంది. దాని పైన కుమ్మరి పురుగు కట్టుకున్న మట్టి గూడు! కిరసనాయిల్లో నానబెట్టి కడిగితే గానీ అవతలి వెలుతురు కనబడలేదు.

టాపెట్ కవర్ తప్పు మాదే. కారినప్పుడల్లా బిగించీ బిగించీ బోల్టుల దగ్గర రేకు కిందకి వంగింది. దాగలి మీద పెట్టి చిన్న సుత్తితో తట్టి చదును చేశాను. కొత్త కార్క్ ప్యాకింగ్‌కి కవర్ వైపు మాత్రమే షెల్లాక్ (లక్క జిగురు) పూశాను, మళ్లీ విప్పినప్పుడు చిరగకుండా. ఆయిల్ ఎలాగూ మార్చాలి కాబట్టి డ్రెయిన్ బోల్టు రాగి వాషర్ తీసి, గ్యాస్ పొయ్యి మీద ఎర్రగా కాల్చి నీళ్లలో పడేశాను. అలా చేస్తే ఉక్కు గట్టిపడుతుంది, రాగి మెత్తబడుతుంది. మెత్తటి వాషర్ చక్కగా అతుక్కుంది.

చివరికి క్లచ్ హౌసింగ్ అడుగున చిన్న బిరడా కనబడింది. దమ్ములో నీళ్లు లోపలికి పోకుండా దాన్ని పెడతాం, పని అయ్యాక తీసేయాలి. నాన్న మర్చిపోయారు. తీయగానే టీ గ్లాసుడు ఆయిల్ పడింది. ఇంకొన్నాళ్లుంటే క్లచ్ ప్లేటు తడిసి జారేది. పెట్టింది నాన్నే అయినా తిట్లు మాత్రం నాకే.

ఇప్పుడు రాత్రికి రెండు మూడు చుక్కలు పడుతున్నాయి. డబ్బా ఇంకా అక్కడే ఉంది. పొద్దున్నే డిప్‌స్టిక్‌తో ఆయిల్ మట్టం చూసుకుని బండి తీస్తున్నాం. వేసవిలో క్లచ్ ప్లేటు కోసం బండి విడదీయక తప్పదు, వెనక సీల్ అప్పుడే వేయిస్తాం.