కంపెనీ యాంప్లిఫయర్ తీసేయకుండానే కొత్త స్టీరియో పెట్టుకున్నాను

విడిగా యాంప్లిఫయర్ (సిగ్నల్‌ని పెంచి స్పీకర్లని మోగించే పెట్టె, పొట్టిగా యాంప్) లేని కారైతే కొత్త స్టీరియో బిగించడం పెద్ద పనేం కాదు. రెడీమేడ్ హార్నెస్ (కనెక్టర్లు బిగించిన వైర్ల కట్ట) కొని, రంగుకి రంగు కలిపి, స్టీరియోని లోపలికి నెట్టేస్తే పాట వచ్చేస్తుంది. నా కారు అలాంటిది కాదు. దాని యాంప్ డిక్కీలో ఒక పక్క ప్యానెల్ వెనకాల ఉంది. స్పీకర్ల వైర్లన్నీ ఆ యాంప్ నుంచే బయల్దేరతాయి. డ్యాష్‌బోర్డు దాకా వచ్చేవి సన్నటి సిగ్నల్ వైర్లు మాత్రమే.

అడిగిన ప్రతి ఒక్కరూ "ఆ యాంప్ పీకేసి స్పీకర్లకి డైరెక్ట్‌గా ఇచ్చెయ్" అన్నారు. నేను మొదట ఒక స్పీకర్ తీసి మీటరు పెట్టి దాని రెసిస్టెన్స్ చూశాను. 2 ఓమ్‌ల కంటే కాస్త తక్కువే చూపించింది, అంటే అది 2 ఓమ్‌ల స్పీకరన్నమాట. కొత్త స్టీరియో మాన్యువల్లోనేమో స్పీకర్లు 4 నుంచి 8 ఓమ్‌ల మధ్య ఉండాలని స్పష్టంగా రాసి ఉంది. డైరెక్ట్‌గా ఇస్తే స్టీరియో లోపల స్పీకర్లని నడిపే చిప్ (ఐసీ) మీద లోడు దాదాపు రెట్టింపవుతుంది, వేడెక్కుతుంది. పైగా ట్వీటర్‌కి (సన్నటి శబ్దాల చిన్న స్పీకర్) ఏ ఫ్రీక్వెన్సీలు వెళ్లాలో, వూఫర్‌కి (బేస్ స్పీకర్) ఏవి వెళ్లాలో విడగొట్టే పని కూడా నా కారులో ఆ యాంప్‌దే. అందుకని దాన్ని ఉంచుకోవాలనే నిర్ణయించుకున్నాను. ఇప్పటికీ అదే సరైన దారని నా నమ్మకం.

పని మొదలుపెట్టేముందు కారు సర్వీస్ మాన్యువల్లో వైరింగ్ డయాగ్రమ్ చూడటం తప్పనిసరి. కొన్ని కార్లలో స్టీరియోకీ యాంప్‌కీ మధ్య ఆడియో ఫైబర్ ఆప్టిక్ కేబుల్లో డిజిటల్‌గా వెళ్తుంది. అక్కడ కలపడానికి వైరే ఉండదు, ఆ మోడల్‌కి తగిన ఇంటర్‌ఫేస్ మాడ్యూల్ కొనాల్సిందే. నా డయాగ్రమ్‌లో ఒక్కో చానెల్‌కి ప్లస్, మైనస్ జతగా వెళ్తున్నాయి. మామూలు అనలాగ్ సిగ్నలే, కాబట్టి ఇంట్లోనే చేసుకోవచ్చని ధైర్యం వచ్చింది.

బ్యాటరీ నెగటివ్ తీసి పసుపు, ఎరుపు, నలుపు కలిపాను. పసుపు ఎప్పుడూ ఉండే 12 వోల్టులకి, ఎరుపు తాళం తిప్పితే వచ్చే కరెంటుకి, నలుపు ఎర్త్‌కి. బ్యాటరీ మళ్లీ తగిలించగానే స్క్రీన్ వెలిగింది, ఫోన్ కనెక్టయింది, పాట నడుస్తోందని చూపిస్తోంది. శబ్దం మాత్రం సున్నా.

ఇక్కడే చాలామంది యాంప్ పోయిందనుకుంటారు. నిజానికి దాన్ని ఎవరూ లేపలేదు, అంతే. పాత స్టీరియో మళ్లీ తగిలించి, మీటరు నల్ల ప్రోబ్ కారు బాడీకి ఆనించి, ఎర్ర ప్రోబ్‌తో యాంప్ కనెక్టర్ వెనకనుంచి ఒక్కో పిన్నూ ముట్టుకుంటూ పోయాను. స్టీరియో ఆపితే 0, ఆన్ చేస్తే 12 చూపించే పిన్ ఒకటి దొరికింది. అదే రిమోట్ వైరు, అంటే యాంప్‌ని ఆన్ చేయమని చెప్పే వైరు. నేను కొన్న హార్నెస్‌లో సరిగ్గా ఆ పిన్ దగ్గరే ఖాళీ. కొత్త స్టీరియో నుంచి వచ్చే నీలం మీద తెల్లచార వైరుని అక్కడికి లాగాను. దాని పక్కనే ఉత్త నీలం వైరు కూడా ఉంటుంది, జాగ్రత్త. అది యాంటెనాకి. చాలా స్టీరియోల్లో రేడియో నడుస్తున్నప్పుడే దానిలో కరెంటు ఉంటుంది. దానికి కలిపితే ఎఫ్‌ఎం బాగానే వస్తుంది, బ్లూటూత్‌కి మార్చగానే యాంప్ నిద్రపోతుంది.

శబ్దం వచ్చింది గానీ వెనక సర్రుమనే హిస్ ఉంది, వాల్యూమ్ కొద్దిగా తిప్పితేనే చెవులు అదిరిపోయాయి. ఆ హార్నెస్ స్టీరియో స్పీకర్ ఔట్‌పుట్‌ని తీసుకెళ్లి యాంప్ ఇన్‌పుట్‌కి కలుపుతోంది. స్పీకర్ వైర్లు రెండింటిమీదా దాదాపు 6 వోల్టుల డీసీ నిలిచి ఉంటుంది, దానిమీద పాట స్వారీ చేస్తుంది. యాంప్‌కి కావలసింది అందులో చిన్న ముక్క. స్టీరియో వెనక ఉన్న ఆర్‌సీఏ ఔట్‌పుట్లు (యాంప్‌కి చిన్న సిగ్నల్ ఇచ్చే గుండ్రటి సాకెట్లు) 2 వోల్టులవి, అవే సరిపోతాయి. మధ్య పిన్ ప్లస్‌కి, చుట్టూ ఉన్న రింగు మైనస్‌కి కలిపాను. మైనస్ వైర్లని మాత్రం బాడీకి తాకనివ్వలేదు. ఈ యాంప్ రెండు వైర్ల మధ్య తేడానే వింటుంది, రెండింటిమీదా సమానంగా పడిన గోలని కొట్టేస్తుంది. మైనస్‌ని ఎర్త్ చేస్తే ఆ గుణమే పోతుంది. వాల్యూమ్ తిప్పినంత మేరకే పెరుగుతోంది, హిస్ పోయింది.

ఇంజిన్ స్టార్ట్ చేస్తే ఇంకో సంగతి బయటపడింది. యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ స్పీకర్లలో సన్నటి కూత పెరుగుతోంది. ఆల్టర్నేటర్ (ఇంజిన్‌తో తిరిగి కరెంటు పుట్టించే భాగం) గోల అది. దీనికి గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ అనే చిన్న డబ్బా అమ్ముతారు. చవకరకం వాటిలోని ట్రాన్స్‌ఫార్మర్ లోతైన బేస్‌ని కొంత మింగేస్తుంది, అందుకే ముందు ఎర్త్ మీద దృష్టి పెట్టాను. మీటరుని మిల్లీవోల్టుల్లో పెట్టి స్టీరియో బాడీకీ కారు బాడీకీ మధ్య కొలిస్తే ఉండకూడని తేడా కనిపించింది. నల్ల వైరుని హార్నెస్ నుంచి విడదీసి, డ్యాష్‌బోర్డు వెనక లోహపు బ్రాకెట్ మీద పెయింటు గీకి, రింగ్ టెర్మినల్‌తో బోల్టు కింద బిగించాను. కూత ఆగిపోయింది.

చివరగా పొలారిటీ, అంటే ప్లస్, మైనస్ తారుమారు కాలేదు కదా అని చూశాను. బ్యాలెన్స్ (కుడి-ఎడమ), ఫేడర్ (ముందు-వెనక) తిప్పి మొదట ఒక్క స్పీకర్, తర్వాత దాని జత కలిపి విన్నాను. వెనక రెండూ కలిసి మోగుతుంటే బేస్ పలచబడింది, పాడే గొంతు మధ్యలో నిలవకుండా చెదిరిపోయింది. ఒక చానెల్లో ప్లస్, మైనస్ అటుదిటు చేయగానే గొంతు మధ్యకి వచ్చి కూర్చుంది, బేస్ నిండుగా వచ్చింది.

జాయింట్లన్నీ క్రింప్ చేసి (నొక్కి బిగించి), హీట్ ష్రింక్ (వేడికి ముడుచుకునే గొట్టం) వేసి, గుడ్డ టేపు చుట్టాను. ప్యానెళ్లు మూసేముందు సీటుబెల్టు హెచ్చరిక, ఇండికేటర్ టిక్‌టిక్, రివర్స్ బీప్ అన్నీ వస్తున్నాయో లేదో చూసుకోండి. కొన్ని కార్లలో ఆ శబ్దాలు పాత స్టీరియో ద్వారానే వచ్చేవి, అది తీసేస్తే అవీ పోతాయి. నా కారులో అన్నీ మోగాయి, అప్పుడే స్క్రూలు బిగించాను.