నార్వే డెలిగేట్ గారూ, మన నియమగిరి సంగతేంటి?

ఇంటర్నేషనల్ స్కూళ్ల మీద నాకు ప్రత్యేకంగా కోపమేమీ లేదు. ఫీజు ఎంతో విన్నప్పుడు గుండె గుభేల్‌మంటుంది, అది వేరే సంగతి. మా అన్నయ్య కూతురు విశాఖపట్నంలో అలాంటి బడిలోనే హాస్టల్లో ఉండి తొమ్మిదో తరగతి చదువుతోంది, సెలవలకి ఒడిశాలోని మా రాయగడ వస్తే మకాం మా ఇంట్లోనే. మా కాలంలో బడి కార్యక్రమాలంటే జెండా వందనం, ఓ చాక్లెట్టు, మహా అయితే వక్తృత్వపు పోటీ. వీళ్లకి హ్యూమన్ రైట్స్ క్లబ్బట, ఎం.యు.ఎన్. అట. అంటే ఐక్యరాజ్యసమితి నమూనా సభ అన్నమాట, పిల్లలే కోట్లు తొడుక్కుని ఒక్కో దేశం తరఫున కూర్చుని వాదించుకుని తీర్మానాలు చేస్తారు.

మొన్న దసరాకి వచ్చినప్పుడు మా పిల్లకి ఆ సభలో నార్వే పడింది. సభ డిసెంబర్ 10న, మానవ హక్కుల దినం నాడు. 1948లో అదే రోజున పారిస్‌లో మానవ హక్కుల ప్రకటనకి 48 దేశాలు ఔనన్నాయి, 8 దేశాలు ఎటూ చెప్పలేదు, కాదన్న దేశం ఒక్కటీ లేదు, అని గడగడా అప్పజెప్పింది. ముచ్చటేసిన మాట నిజం. చర్చకి ఇచ్చిన అంశం ఆదివాసుల హక్కులు, గనులు. ఇది రాసుకున్న పేజీలన్నీ చూస్తే అమెజాన్ అడవే.

"ఏమే, మన బిస్సంకటక్ పక్కన నియమగిరి కొండ ఉంది కదా, దాని ముక్క ఒక్కటీ లేదేం?" అన్నాను.

"అక్కడేం జరిగిందత్తా?" అంది. పుట్టి పెరిగింది రాయగడలోనే! చాటికోన బుధవారం సంతలో ఆ కొండ మీది ఆదివాసులు, డోంగ్రియా కోంధు ఆడవాళ్ల దగ్గర పసుపు, అల్లం, అనాస కొనని ఇల్లు మా బంధువుల్లో లేదు, అయినా వాళ్ల కొండ కథ ఇంట్లో ఎవరూ చెప్పలేదు. తెలుగు ఇళ్లలో ఇది మామూలే లెండి, మనం ఇక్కడ తరాలుగా ఉన్నా ధ్యాసంతా శ్రీకాకుళం, విశాఖల మీదే.

అందుకని కూర్చోబెట్టి చెప్పాను. కొండ మీద బాక్సైట్, అంటే అల్యూమినియం తీసే ఖనిజం, కింద లాంజిగఢ్‌లో వేదాంత కంపెనీ వాళ్ల శుద్ధి కర్మాగారం. దానికోసం కొండ తవ్వాలని చూశారు. ఆ కొండ డోంగ్రియా వాళ్లకి నియమరాజు, దేవుడు. కేసు సుప్రీంకోర్టుకి పోతే 2013 ఏప్రిల్ 18న కోర్టు తవ్వమనీ అనలేదు, వద్దనీ అనలేదు, అక్కడి మతపరమైన, సాంస్కృతికమైన హక్కుల మాట గ్రామసభలే తేల్చాలంది. దానికి ఆధారం 2006 నాటి అటవీ హక్కుల చట్టం. సభలు సక్రమంగా జరుగుతున్నాయో లేదో చూడటానికి జిల్లా జడ్జి స్థాయి అధికారి ఉండాలంది. కొండల్లో ఊళ్లు వందకి పైనే ఉంటే ప్రభుత్వం ఎంచింది 12, రాయగడ వైపు 7, కలహండి వైపు 5. అదో పెద్ద గొడవ, ఇక్కడ పట్టదు. ఆ జులై, ఆగస్టుల్లో వానల్లోనే సభలు జరిగాయి, పన్నెండుకి పన్నెండూ వద్దన్నాయి. 2014 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ కూడా కాదనేసింది.

మా పిల్లకి నోట మాట లేదు. ఫోన్ తీసుకుని తనే వెతకడం మొదలెట్టింది, కాసేపటికి ఒక్క కేక. నార్వే ప్రభుత్వ పెన్షన్ ఫండ్ 2007లోనే వేదాంత షేర్లు వదిలించుకుందట, పర్యావరణానికీ మానవ హక్కులకీ నష్టం జరుగుతోందన్న కారణంతో! ఇది నార్వే డెలిగేటు కదా, ఇంక పట్టపగ్గాలు ఉంటాయా?

బడికి వెళ్లాక టీచరు కొంచెం నసిగారట. "ఇది సున్నితమైన విషయం, పేరెంట్స్ ఏమైనా అనుకుంటారు, అమెజానే బాగుంది కదా" అని. నాకు చిర్రెత్తింది. వేల మైళ్ల అవతలి అన్యాయం మీద తీర్మానం చేస్తే పిల్లలకి సర్టిఫికెట్టు ఇస్తారు, పక్కనున్న కొండ పేరెత్తితే మాత్రం సున్నితం! టీచరుని అనలేను, ఆవిడ ఉద్యోగం ఆవిడది. ఎలాగైతేనేం, మాట్లాడనిచ్చారు. ఒక అబ్బాయి లేచి, ఆ సభలు ఏ భాషలో జరిగాయి, కాగితాలు వాళ్లకి అర్థమయ్యాయా అని అడిగాడట. బెజవాడ పిల్లాడు, ఆ కొండల వైపు ఎప్పుడూ రాలేదు. ఆ ప్రశ్న నాకు తట్టలేదు సుమా.

అసలు తమాషా ఆ తర్వాత జరిగింది. హక్కులు చదివిన పిల్లలు ఊరుకుంటారా? 1989 నాటి బాలల హక్కుల ఒడంబడిక తిరగేశారు. మన దేశం అందులో 1992లో చేరింది. 12వ అధికరణం ప్రకారం తమకి సంబంధించిన విషయాల్లో పిల్లల మాట వినాలి, 16 ప్రకారం వాళ్ల ఆంతరంగిక జీవితంలో అకారణంగా తలదూర్చకూడదు. వీళ్ల హాస్టల్లో ఆదివారం ఇంటికి ఫోన్ చేస్తే వార్డెన్ పక్కనే కుర్చీ వేసుకుని స్పీకర్ ఆన్ చేయిస్తారు, మా వదిన అందుకే పొడిపొడిగా "తిన్నావా, పడుకున్నావా" అని పెట్టేస్తుంది. ఆడపిల్లలంతా కలిసి 16వ అధికరణం గుండ్రటి చేతిరాతతో రాసి, కింద సంతకాలు పెట్టి సలహాల పెట్టెలో వేశారు. వార్డెన్ కుర్చీ గుమ్మం బయటికి జరిగింది. సలహాల పెట్టె మటుకు ప్రిన్సిపాల్ గది ముందుకి, సరిగ్గా సీసీ కెమెరా కిందకి మారింది.

ఇప్పుడు ఈ నియమగిరి ప్రసంగాన్నే స్కూల్ మ్యాగజైన్‌లో వేస్తారట, కానీ కంపెనీ పేరు తీసేసి "ఒక ప్రైవేటు సంస్థ" అని పెట్టమన్నారు. "ఏం చేయనత్తా?" అని మొన్న ఆదివారం ఫోన్ చేసింది. సుప్రీంకోర్టు తీర్పులోనే ఉన్న పేరుకి మీ మ్యాగజైన్‌లో వచ్చిన ఇబ్బందేమిటో కాగితం మీద రాసిమ్మని మర్యాదగా అడగమన్నాను. అడిగిందట. ఇంకా ఇవ్వలేదు.