బొమ్మల కింద ఇసుక నిలిచేదాకా: నా అనుభవం

నిన్న రాత్రి ఇరవై రెండో బొమ్మకి రెండో పూత పూసి పడుకున్నాను. సంక్రాంతి నుంచి మనసులో గూడు కట్టుకున్న టెన్షన్ ఇప్పటికి దిగింది. వేడి చల్లారకముందే రాసేస్తున్నాను. చిన్న బొమ్మల పీటల మీద ఇసుక అంటించడానికి ఏ గమ్ము వాడాలో నాకు ఎవరైనా ముందే చెప్పి ఉంటే మా మేనత్త ఇంట్లో ఆ అవమానం జరిగేది కాదు.

నేను చేస్తున్నది బొబ్బిలి యుద్ధం సెట్టు. 1757 జనవరి 24 నాటి కోట ముట్టడి. బుస్సీ వెంట వచ్చిన ఫ్రెంచి సైనికులు, విజయనగరం వాళ్ళు, కోటలోని వెలమ వీరులు, మొత్తం ముప్పై బొమ్మలు. ఒక్కొక్కటి 28 మిల్లీమీటర్లు, అంటే బొటనవేలి చివరి కణుపంత. తాండ్ర పాపారాయుడు ఆ రోజు కోటలో లేడు, రాజాంలో ఉన్నాడు. అందుకే అతన్ని కోట దగ్గర పెట్టకుండా విడిగా, తర్వాత అతని చేతిలో చనిపోయిన విజయనగరం రాజు విజయరామరాజు గుడారం పక్కన నిలబెట్టాను. ఇలాంటివి తప్పు లేకుండా చేయడం నాకు ముఖ్యం. బొమ్మలకి రంగులు వేయడంలో ఇబ్బంది రాలేదు. ఆ పని నాకు చేతనవును, గట్టిగానే చెబుతాను. చిక్కంతా కాళ్ళ కింద ఉండే పావలా బిళ్ళంత ప్లాస్టిక్ పీటతోనే. దాని మీద నేల కనిపించాలి, నేలంటే ఇసుక ఉండాలి.

మొదట చిటికెలో అంటుకునే గమ్ము వాడాను. రెసిన్ బొమ్మ కాళ్ళని పీటకి అంటించడానికి అది బ్రహ్మాండం. అదే గమ్ము ఇసుకకీ సరిపోతుందనుకుని ఆరు పీటల మీద పోసి ఇసుక చల్లాను. దుమ్ము పడకుండా స్వీట్ల డబ్బాలో పెట్టి మూత వేశాను. పొద్దున తీసి చూస్తే ఆరుగురి ముఖాలూ విబూది పూసినట్టు తెల్లగా ఉన్నాయి. ఆ గమ్ము ఆవిరి గాలిలో తేమతో కలిసి తెల్లటి పొడిలా దిగుతుంది. మూత వేసిన డబ్బాలో అయితే ఆవిరికి దారి ఉండదు, మొత్తం బొమ్మ మీదే దిగుతుంది. ఒక్కో ముఖం రెండేసి సాయంత్రాల పని. ఆరూ మళ్ళీ వేశాను.

అప్పటికి భోగికి వారం రోజులే ఉంది. అత్త ఏటా సంక్రాంతికి బొమ్మల కొలువు పెడుతుంది. ఈసారి నా సైనికులని కూడా కొలువులో పెడతానని వీధంతా చెప్పుకుంది. ఊళ్ళో ఒక స్టేషనరీ షాపుకి వెళ్ళి, ప్లాస్టిక్ మీద ఇసుక అంటించాలి, ఏది మంచిదని అడిగాను. ఆయన తలెత్తకుండానే, పిల్లలు కాగితాలు అంటించుకునే గమ్ము సీసా ఒకటి ముందు పెట్టి, "ఇదే సార్, దేనికైనా పట్టేస్తుంది" అన్నాడు. దేనికి వాడతారో అడగకుండా "దేనికైనా" అనే వాళ్ళ దగ్గర ఏమీ కొనకండి. సరుకు తెలియని మనిషి, తెలియదని ఒక్క మాట చెబితే కొనేవాడికి ఎంత మేలో!

భోగి సాయంత్రం అత్తయ్య ఇంట్లో మెట్ల మీద తెల్ల పంచె పరిచి కొలువు తీర్చింది. కొండపల్లి బొమ్మల పక్కన, మూడో మెట్టు మీద నావి పన్నెండు. పిల్లలకి భోగిపళ్ళు పోశారు, పేరంటాళ్ళు ఒక్కొక్కరే వస్తున్నారు. ఎదురింటావిడ ముచ్చటపడి ఒక వెలమ వీరుణ్ణి చేతిలోకి తీసుకుని, తల పక్కకి వంచి చూసింది. పీట మీది ఇసుక అట్టు ఊడినట్టు ఒక్క రేకుగా లేచి, అత్త పట్టుకున్న తాంబూలం పళ్ళెంలో పడింది. తమలపాకుల మీద ఇసుక, కుంకుమ భరిణెలో ఇసుక. "ఇదేంటి పిన్నిగారూ, మట్టి రాలుతోంది?" అని ఆవిడ అడిగింది. ఆవిడ మనసులో ఏమీ లేదు, నిజంగానే అడిగింది. గదిలో మాటలు ఆగిపోయాయి. ఈలోపు పిల్లలు తక్కిన బొమ్మలని కూడా పట్టుకుని ఊపి చూశారు. మూడో మెట్టు మీద పరిచిన పంచె అంతా ఇసుకే.

అత్త కుంకుమ పారబోసి, భరిణె కడిగి, కొత్త కుంకుమ నింపింది. వాళ్ళందరి ముందు నన్ను ఒక్క మాట అనలేదు. అందరూ వెళ్ళాక చీపురు నా చేతికి ఇవ్వకుండా తనే ఊడ్చి, "పోనీలే నాన్నా, పిల్లలు ముట్టుకున్నారు కదా" అంది. తప్పు పిల్లలది కాదు, నాది. తిట్టినా బాగుండేదనిపించింది. పన్నెండు బొమ్మలనీ జేబురుమాల్లో చుట్టుకుని వెనక గుమ్మంలోంచి వచ్చేశాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మర్నాడు పండగ పూట ఒక పీట తిప్పి లైటు కింద చూశాను. ప్లాస్టిక్ నల్లగా, నున్నగా మెరుస్తోంది. దాని మీద గమ్ము చుక్క కూడా లేదు. గమ్మంతా ఇసుక రేకుకే ఉంది. కాగితం గమ్ముని పీల్చుకుంటుంది కాబట్టి పట్టుకుంటుంది, నున్నటి ప్లాస్టిక్ పీల్చుకోదు. ఎండిన గమ్ము దాని మీద పొరలా కూర్చుని ఉంటుంది, అంతే. ఆ రేకుని వేళ్ళతో నలిపితే వేళ్ళకి బూడిదరంగు పొడి అంటింది. పక్కింటివాళ్ళు ఇల్లు కట్టడానికి తెప్పించిన రోబో సాండ్ గుప్పెడు తెచ్చి వాడాను మరి. అది రాయిని నలగ్గొట్టిన ఇసుక, సన్న పొడి ఉంటుంది. కడగకపోతే గమ్ము ఆ పొడిని పట్టుకుంటుంది, రేణువుని వదిలేస్తుంది.

తర్వాత నాలుగు రకాల గమ్ములు తెచ్చి పరీక్ష మొదలుపెట్టాను. పీటలు పాడుచేయడం ఎందుకని మంచినీళ్ళ సీసా మూతల మీద చేశాను. అన్నీ ఊడిపోయాయి! వారం రోజులు నాకు పిచ్చెక్కింది. చివరికి అర్థమైంది, ఆ మూతల ప్లాస్టిక్కే వేరు. దాని మీద మామూలు గమ్ములేవీ నిలవవు. కాబట్టి ఖర్చు కలిసొస్తుందని సీసా మూతలని పీటలుగా వాడకండి, వాటి మీద పరీక్షలూ చేయకండి.

దారి చూపించింది మా వీధి చివర తలుపులు చేసే వడ్రంగి. పీట ఒకటి చేతికిస్తే బొటనవేలితో రుద్ది, "గరుకు లేందే ఏదీ పట్టదు బాబుగారూ. ముందు గరుకు కాయితం పెట్టండి. పట్టుకోవడానికి ఫెవికాల్ చిక్కగా ఉండాలి, పైపూతకైతే నీళ్ళు కలుపుకోండి" అన్నాడు. డబ్బులు తీసుకోలేదు. సీసాలు అమ్మేవాడికి తెలియనిది చేత్తో పని చేసేవాడికి తెలుసు.

ఇప్పుడు నేను చేసేది ఇది. గోదావరి ఇసుక టీ వడపోతలో జల్లించి, నీళ్ళు తేటగా వచ్చేదాకా కడిగి ఎండబెడతాను. సముద్రపు ఇసుక జోలికి వెళ్ళకండి, కడగడం సరిగ్గా కాకపోతే ఉప్పు తర్వాత తెల్లగా పైకి వస్తుంది. పీట మీద గరుకు కాగితంతో రుద్ది, చిక్కటి తెల్ల గమ్ము పాత బ్రష్షుతో పూసి, పీటని ఇసుక గిన్నెలో అద్ది, తట్టి పక్కన పెడతాను. ఇక రాత్రంతా ముట్టుకోను. ఈ గమ్ము లోపలి నీళ్ళు ఆరితేనే గట్టిపడుతుంది, ముసురు పట్టిన రోజుల్లో ఇంకో రోజు ఆగాలి. అట్టముక్క పీటలైతే ఆరేటప్పుడు అంచులు పైకి లేస్తాయి.

అసలు రహస్యం రెండో పూతలో ఉంది. ఒక వంతు గమ్ముకి రెండు వంతుల నీళ్ళు, అందులో గిన్నెలు తోమే లిక్విడ్ ఒక్క చుక్క. ఆ చుక్క లేకపోతే నీళ్ళు ముత్యంలా ఇసుక పైనే నిలబడతాయి. చుక్క పడితే బ్రష్షు కొన ఆనించగానే తెల్లటి నీళ్ళు రేణువుల మధ్యకి పాకి, పీట అంచు దాకా వెళ్ళి ఆగుతాయి. ఎంతసేపు చూసినా నాకు విసుగు రాదు. మళ్ళీ ఒక రాత్రి ఆరాక ముదురు గోధుమరంగు, దాని మీద ఎర్రమట్టి రంగు.

మొన్న ఆదివారం పాత బొమ్మల్లో ఒకదాన్ని ఇలా బాగుచేసి అత్త దగ్గరికి తీసుకెళ్ళాను. ఆవిడ వంటింట్లోంచి తెల్ల తువ్వాలు తెచ్చి ఒళ్ళో పరుచుకుంది. బొమ్మని తలకిందులు చేసి పీట మీద వేలితో రెండుసార్లు కొట్టింది. తువ్వాలు దులిపి, కిటికీ దగ్గరికి వెళ్ళి వెలుతురులో చూసింది. ఒక్క రేణువు కూడా లేదు. "మిగతావి ఎప్పుడు తెస్తావు?" అంది. ఇంకా ఎనిమిది ఉన్నాయి, ఇసుక ఎండలో ఆరుతోంది.