వీడియో బాగుందక్కా

"వీడియో బాగుందక్కా" అంది మాకు చీరలు నేసిపెట్టే ఆవిడ. అంతే. తెచ్చిన రెండు చీరలూ బల్ల మీద పెట్టింది, కూలి డబ్బులు లెక్కపెట్టుకుంది, పేక నూలు సంచిలో వేసుకుని వెళ్లిపోయింది. మామూలుగా అయితే కాసేపు కూర్చుని, మా చిన్నదాని చదువు గురించి అడిగి, టీ తాగి గానీ కదలదు. పొద్దుటినుంచి ఆ మాటే చెవిలో తిరుగుతోంది. పదకొండున్నర దాటింది, నిద్ర రావట్లేదు.

ఆవిడ అన్నది మా చేనేత చీరలు అమ్మే పేజీలో పెట్టిన వీడియో గురించి. మావయ్యగారు నేల గుంటలో కాళ్లు పెట్టి నేసే గుంట మగ్గం మీద కూర్చున్నదే. మా పేజీలో ఇంతవరకూ దేన్నీ అంతమంది చూడలేదు. చివర్లో నిజాం రకం జరీ అంచు ఆకుపచ్చ చీర విప్పి చూపించాం. "డెబ్భై నాలుగేళ్ల మా మావయ్యగారి చేతి నేత" అని చెప్పాం.

ఆ చీర నేసింది ఆవిడ. కంటి ఆపరేషన్ అయ్యాక మావయ్యగారు నాడె, అదే పేక నూలుని అటూ ఇటూ తీసుకెళ్లేది, పట్టుకోక నాలుగేళ్లవుతోంది.

మా పేజీ నడిపే కుర్రాడి మీద నాకు ఎంత కోపంగా ఉందంటే, మధ్యాహ్నం వాడు ఫోన్ చేస్తే నేను ఎత్తలేదు. నెలకి ఆరు వేలు, పన్నెండు రీల్స్ అని మాట. ఆవిడ మగ్గం దగ్గరికి తీసుకెళ్తే వెలుతురు లేదన్నాడు, వెనక రేకులు కనపడతాయన్నాడు. పెద్దాయన అయితే ముఖం బాగుంటుందన్నాడు. మావయ్యగారికి ఇస్త్రీ చొక్కా తొడిగించాడు. మంగళగిరి ఎండాకాలంలో ఇస్త్రీ చొక్కా వేసుకుని గుంటలో దిగేవాళ్లని నేనైతే చూడలేదు. పైగా మగ్గం చప్పుడు తీసేసి పాట పెట్టాడు. నేతంటే ఆ చప్పుడే కదా!

ధరల సంగతీ అంతే. ధర పెట్టొద్దు ఆంటీ, అందరూ అడుగుతారు, కామెంట్లు పెరుగుతాయి అన్నాడు. ఇప్పుడు ప్రతి ఫొటో కిందా పీపీ, పీపీ. ధర చెప్పండి మహాప్రభో అని దానర్థం. నేను కూర్చుని ఒక్కొక్కరికీ "ఇన్‌బాక్స్ చూడండి" అని కొట్టాలి. పోయిన వారం గుంటూరు నుంచి రిటైరైన టీచరుగారు ఫోన్ చేశారు. మావయ్యగారి నాటినుంచీ మా దగ్గరే కొంటారు. "ధర ఎందుకు దాస్తున్నావమ్మా? మీ మావగారు ఎప్పుడూ దాచలేదే" అన్నారు. ఏం చెప్పాలో తోచలేదు.

నిజంగానే దాచేవారు కాదు. నా పెళ్లయిన ఏడాది, సంక్రాంతి ముందు, ఆయనతో ఒకసారి గుంటూరు బ్రాడీపేట వెళ్లాను. తెల్ల దుప్పట్లో మూట, బస్సు పైన పడేసి, దిగాక భుజానికెత్తుకుని ఇల్లిల్లూ తిరిగారు. ఒకింట్లో మజ్జిగ ఇచ్చారు. మంచం మీద మూట విప్పి ముందు చీర తిరగేసి చూపించారు. మంచి వైపు చూపించరేమిటా అని నాకు ఆశ్చర్యం. తర్వాత అంచు పట్టుకుని కిటికీ వైపు ఎత్తారు. సన్నటి సూది బెజ్జాలు. నేసేటప్పుడు బట్ట లోపలికి ముడుచుకుపోకుండా రెండంచులూ గుచ్చి పట్టే కర్ర ఉంటుందే, దాని గుర్తులు. "చేతి మగ్గం అనడానికి ఇవి చూసుకోమ్మా" అన్నారు. ధర ఒక్కసారే చెప్పారు. ఆ ఇంటావిడ ఒక వంకాయరంగు చీర తీసుకుని "మీరే నేశారా?" అని అడిగింది. "కాదమ్మా, మా వీధి చివరింటి ఆయన నేశాడు, అంచు పనిలో నాకంటే గట్టివాడు" అన్నారు. అవునంటే ఎవరికి తెలుస్తుంది? ఆవిడ అలాగే కొనేది.

ఇవాళ సాయంత్రం ఆ వీడియో చూపిస్తే మావయ్యగారు చాలాసేపు మాట్లాడలేదు. "అది నాది కాదు కదమ్మా" అన్నారు చివరికి.

పేజీ మూసేద్దామనుకున్నాను. వాట్సాప్‌లో మా పాత ఖాతాదారుల జాబితా ఉంది, ఒక జాబితాలో 256 మందికి పంపొచ్చు, మన నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే వెళ్తుంది. నమ్మినవాళ్లే ఉంటారు, చాలు అనుకున్నాను. అన్నం తింటూ కూడా అదే అనుకున్నాను.

కానీ 2020 గుర్తొచ్చింది. మార్చి 25 నుంచి లాక్‌డౌన్, పెళ్లిళ్లు ఆగిపోయాయి, బీరువాలో నూట నలభై చీరలు. నేతవాళ్లకి పడుగు నూలు ఇవ్వడానికి చేతిలో డబ్బు లేదు. రవాణా తెరుచుకున్నాక ఆ చీరలు కదిలింది ఈ ఫోన్ వల్లే. మొహం తెలియని వాళ్లు, ఎక్కడెక్కడి తెలుగువాళ్లో, ఫొటో చూసి డబ్బు పంపారు. 256 మందితో ఏడు మగ్గాలు నడవవు. పక్కన మరమగ్గం చీర సగం ధరకి మంగళగిరి పేరుతోనే అమ్ముతున్నారు. ఫొటోలో రెండూ ఒకలాగే ఉంటాయి. చూపించకపోతే మనది చేనేత అని ఎవరికి తెలుస్తుంది? మూయకూడదు.

కుర్రాడి మీద కోపం కూడా ఇది రాస్తుండగా తగ్గిపోయింది. ఇరవై రెండేళ్లవాడు, నాడె అంటే ఏమిటో నేనే చెప్పాను. ఆ వాక్యం రాసింది వాడే, కానీ వీడియోలో చదివింది నేను. గొంతు నాది. చదివేటప్పుడు తెలియదా నాకు? తెలుసు. బాగుంటుందిలే అనుకున్నాను.

ఆ ఆకుపచ్చకే పంతొమ్మిది ఆర్డర్లు వచ్చాయి. అవన్నీ నేయాల్సింది కూడా ఆవిడే.

నెలకి పన్నెండు వద్దు, నాలుగు చాలు. ధర ఫొటో మీదే వేస్తాను. తిరగేసిన వైపు చూపిస్తాను. రేకులు కనపడితే కనపడనీ. పాట వద్దు.

వీడియో కింద రాసిన మాట మార్చొచ్చు, మారుద్దామనే తెరిచాను. కానీ లోపలి గొంతు మారదు. తీసేద్దామా అంటే మా ఆయన "ఆర్డర్లు వస్తున్నాయిగా, పండగ దాకా ఉండనీ" అన్నారు. ఆయన పడుకున్నాక తీసేశాను. రేపు చెప్పాలి.

పొద్దున్నే ఆవిడ ఇంటికి నేనే వెళ్తాను. మగ్గం మీద ఉండగా తీయనిస్తుందా, పేరు పెట్టనిస్తుందా అని అడగాలి. వద్దంటే చీర ఒక్కటే చూపించి, మా పక్క వీధిలో నేసింది అని రాస్తాను.