అన్నయ్య పెట్టెల లెక్క

పొద్దున అన్నయ్యను ఊపిరితిత్తుల సీటీ స్కాన్‌కు తీసుకెళ్లాను. దగ్గు లేదు, ఆయాసం లేదు. "ఏమీ లేనివాడికి స్కాన్ ఎందుకే?" అని దారంతా గొణుగుతూనే ఉన్నాడు. ఏమీ లేనప్పుడే చేయించుకోవాల్సిన పరీక్ష ఇది. దగ్గులో రక్తం పడ్డాక పరుగెత్తితే, చాలామందికి ఊపిరితిత్తుల క్యాన్సర్ అప్పటికే ముదిరిపోయి ఉంటుంది.

ఇక్కడ అమెరికాలో 50 నుంచి 80 ఏళ్ల మధ్యవాళ్లు, కనీసం 20 ప్యాక్ ఇయర్స్ కాల్చి ఉండి, ఇంకా కాలుస్తున్నా, మానేసి 15 ఏళ్లు దాటకపోయినా ఏటా ఈ లో డోస్ (తక్కువ రేడియేషన్) స్కాన్ చేయించుకోమంటున్నారు. మొన్న డాక్టర్ దగ్గర ఆ లెక్క తేల్చడమే పెద్ద పనైంది. రోజుకో పెట్టె చొప్పున ఏడాది కాలిస్తే ఒక ప్యాక్ ఇయర్. పెట్టె అంటే వీళ్లకు 20 సిగరెట్లు. హైదరాబాద్‌లో అన్నయ్య కొన్న పెట్టెల్లో పదే ఉండేవి. అక్కడి పన్నెండేళ్లకు 6, ఇక్కడి పద్దెనిమిదేళ్లకు 18, వెరసి 24. కాగితం మీద ఆ అంకె చూశాక అన్నయ్య నోట మాట లేదు. మానేసి ఎనిమిదేళ్లయింది కదా, ఇక తనకేం కాదనుకున్నాడు. మానేస్తే ముప్పు తగ్గుతుంది, నిజమే. అసలు కాల్చనివాళ్లతో సమానమైపోరు. 2021కి ముందైతే 30 ఉండాలనేవారు, అన్నయ్యను పిలిచేవారే కాదు.

స్కాన్ మాత్రం ఇట్టే అయిపోయింది. సూది లేదు. చేతులు తల పైకి పెట్టించి, కాసేపు ఊపిరి బిగబట్టమన్నారు, అంతే. ఇన్సూరెన్స్ ఉన్నా మన జేబులోంచి కట్టాల్సిన కో-పే కూడా లేదు. ఎక్స్‌రే చాలదా అని అన్నయ్య అడిగాడు. చాలదు. 2011లో వెలువడిన పెద్ద అధ్యయనంలో, 53 వేల మందికి పైగా పాల్గొన్నారు, ఎక్స్‌రే తీసినవాళ్లకంటే ఈ సీటీ తీసినవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ చావులు 20 శాతం తగ్గాయి.

సాయంత్రం రిపోర్టు వచ్చింది. 4 మిల్లీమీటర్ల నాడ్యూల్, అంటే ఊపిరితిత్తిలో చిన్న గడ్డ, అని చదవగానే వదిన కళ్లనీళ్లు పెట్టేసుకుంది. నర్సుకు ఫోన్ చేస్తే, ఇంత చిన్నవి చాలామందిలో ఉంటాయి, ఏడాదికి మళ్లీ చూద్దాం అంది. ఈ టెన్షన్ ఉంటుందని డాక్టర్ ముందే చెప్పారు, అయినా మనసు ఆగదు. పాత టీబీ మచ్చలు ఎక్కువగా ఉండే మన దేశంలో ఏది ఏమిటో తేల్చడం ఇంకెంత కష్టమో!

వచ్చే ఏటి అపాయింట్‌మెంట్ వదిన అప్పుడే అడిగేసింది. డల్లాస్‌లో ఉన్న పాత రూమ్మేట్ ఇంకా మానలేదట. అన్నయ్య ఇప్పుడు అతనికి ఫోన్ చేసి, రోజుకెన్ని పెట్టెలు, ఎన్నేళ్ల నుంచి అని గుచ్చి గుచ్చి అడుగుతున్నాడు.