పాలకొండ అమ్మాయి ఏదీ?

2014లో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. ఎకనామిక్స్‌లో చేరాను. డిగ్రీ దాకా నాది తెలుగు మీడియం. క్లాసులో ఇంగ్లీషు పాఠం ఒక వాక్యం అందుకునేలోపు నాలుగు వాక్యాలు దాటిపోయేవి. పక్కనున్న అమ్మాయిని అడగడానికి మొహమాటం.

అంతకంటే కష్టమైనది మెస్. నేను వచ్చేసరికే ఎవరి జట్టు వాళ్లకు కుదిరిపోయింది. పళ్లెం పట్టుకుని ఏ బల్ల దగ్గర కూర్చోవాలో తెలియక నిలబడే ఆ అర నిమిషం పరీక్ష హాలు కంటే ఎక్కువ టెన్షన్ పెట్టేది. మెల్లగా వెళ్లడం మానేశాను. గదిలో బిస్కెట్లు, అమ్మ కట్టిన జంతికలు. ఇంటికి ఫోన్ చేసినప్పుడు తిన్నానని చెప్పి, ఏ కూర తిన్నానో కూడా కల్పించి చెప్పేదాన్ని.

ఒకరోజు మెస్‌లో వడ్డించే పెద్దమ్మ వరండాలో నన్ను ఆపింది. "ఏటి పాపా, రెండు రోజులై కూడుకి రానేదు. ఒంట్లో బాగోనేదా?" అంది. ఏమీ లేదని చెప్పి గదిలోకి పోయి చాలాసేపు ఏడ్చాను. వందలమందికి వడ్డించే మనిషి నేను రాలేదని గమనించింది!

అయినా దసరాకు ఇంటికి వెళ్లినప్పుడు చదువు మానేద్దామనే అనుకున్నాను. సర్టిఫికెట్లు తీసుకుని మధ్యాహ్నం బస్సుకే తిరిగి వెళ్లిపోవాలని వచ్చాను. ఆ పని అయ్యేలోపే హుద్‌హుద్ తుఫాను వచ్చింది.

అక్టోబరు 12, ఆదివారం. పొద్దుటికే కిటికీ అద్దాలు పగులుతున్నాయి, గదుల్లోకి నీళ్లు కొడుతున్నాయి. అందరం కింది అంతస్తు వరండాలోకి చేరాం. నేను మాత్రం మెట్ల కింద మూలకు వెళ్లి కూర్చున్నాను. ఒక సీనియర్ అక్క కాగితం మీద పేర్లు రాసుకుంటూ లెక్క పెడుతోంది. గాలి హోరులో ఆమె గొంతు వినిపించింది: "పాలకొండ అమ్మాయి ఏదీ? ఆ అమ్మాయి లేదు, చూడండర్రా!" నేను చెయ్యెత్తాను. ఆమె వచ్చి నా భుజం పట్టుకుని అందరి మధ్యలో కూర్చోబెట్టింది. నేను ఏ ఊరిదాన్నో ఆమెకు తెలుసని నాకు అప్పటిదాకా తెలియదు.

తెల్లారాక బయటికి వస్తే క్యాంపస్ గుర్తుపట్టలేకపోయాం. పెద్ద పెద్ద చెట్లు వేళ్లతో సహా పడిపోయి, నీడ ఉన్నచోటల్లా ఆకాశం కనబడుతోంది. రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు లేవు. నీళ్ల బిందెలు వంతులవారీగా మోశాం. ఒకే కొవ్వొత్తి చుట్టూ ఆరుగురం కూర్చుని పప్పన్నం తిన్నాం. ఆ ఆరుగురిలో ఇద్దరు ఇప్పటికీ నా పిల్లలకు పిన్నులు. సర్టిఫికెట్ల మాట మళ్లీ ఎత్తలేదు.

తర్వాత సెమినార్‌లో మా మాస్టారు, "ముందు తెలుగులో చెప్పమ్మా, ఇంగ్లీషు తర్వాత చూద్దాం" అన్నారు. ఆ రోజు మొదటిసారి క్లాసులో నా గొంతు నేను విన్నాను.

ఇప్పుడు నేనూ డిగ్రీ కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. మన విశాఖలోనే హాస్టల్లో ఉండి చదువుకుంటున్న ఒక అమ్మాయి మరణంపై వచ్చిన కేసులో, 100 మంది, అంతకుమించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో మానసిక ఆరోగ్యంలో శిక్షణ పొందిన కౌన్సెలర్ లాంటివారు ఉండాలని 2025 జులైలో సుప్రీంకోర్టు చెప్పింది. అది ఎప్పుడో జరగాల్సిన పని. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 మా క్లాసుల్లో బోర్డు మూల రాసి ఉంచుతాను. కానీ మెస్‌కి రావడం మానేసిన పిల్ల తనంతట తాను కౌన్సెలర్ గది తలుపు తట్టదు, ఆ నంబరూ నొక్కదు. నేనైతే నొక్కేదాన్ని కాదు. ముందు ఎవరో ఒకరు ఆమె రాలేదని చూడాలి.

1926లో పుట్టిన మన విశ్వవిద్యాలయానికి నూరేళ్లు. విశాఖలో ఉంటున్న పూర్వ విద్యార్థులను ఒకటి అడుగుతున్నాను. కొత్తగా చేరిన పిల్లలకు మొదటి మూడు నెలల్లో ఒక ఆదివారం మీ ఇంట్లో భోజనం పెట్టండి. మా ఇల్లు ఎంవీపీ కాలనీలో, క్యాంపస్‌కి దగ్గరే. ఇద్దరిని నా పేరు మీద రాసుకోండి. తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లయితే మరీ మంచిది.