థ్రాటిల్ సెన్సర్‌ను మార్చే ముందు

మా పాత కారు నెమ్మదిగా వెళ్తున్నప్పుడు కుదుపులు ఇస్తుంటే, కారు లోపాల కోడ్‌లు చదివే స్కానర్‌లో పి0122 అనే కోడ్ కనిపించింది. థ్రాటిల్ సెన్సర్ (ఇంజన్‌లోకి గాలిని వదిలే థ్రాటిల్ ఎంత తెరుచుకుందో చెప్పేది) నుంచి వచ్చే సిగ్నల్ వోల్టేజీ తక్కువగా ఉందని మాత్రమే ఆ కోడ్‌కు అర్థం. సెన్సరే చెడిందని కాదు, కాబట్టి కొత్తది కొనే ముందు మల్టీమీటరుతో పరీక్షించి తీరాలని నా గట్టి అభిప్రాయం.

కేబుల్‌తో తెరుచుకునే థ్రాటిల్‌కు ఉండే సెన్సర్‌కు సాధారణంగా 5 వోల్టుల సరఫరా, ఎర్త్, సిగ్నల్ అనే మూడు వైర్లుంటాయి. ఇంజన్ స్టార్ట్ చేయకుండా ఇగ్నిషన్ మాత్రం ఆన్ చేసి, కనెక్టరు వెనుక నుంచి సన్నని పిన్నును సిగ్నల్ వైరుకు తాకించి థ్రాటిల్‌ను మెల్లగా తెరిస్తే, దాదాపు 0.5 వోల్టు దగ్గర మొదలైన రీడింగు 4.5 దరిదాపుల వరకు ఎక్కడా తడబడకుండా పెరగాలి. మా కారులో అది సాఫీగానే పెరిగింది గానీ, కనెక్టరు దగ్గర వైరును కాస్త కదిపితే చాలు, ఒక్కసారిగా సున్నాకు పడిపోయేది. విప్పి చూస్తే సిగ్నల్ పిన్నుకు పచ్చగా చిలుము పట్టి ఉంది. కాంటాక్ట్ క్లీనరుతో దాన్ని శుభ్రం చేసి, వదులైన పిన్నును బిగించాక ఆ కోడ్ మళ్లీ రాలేదు.